తొమ్మిది ప్రశ్నలకు బాపు జవాబులు

ఆ రోజుల్లో నా ఉద్యోగం మనుషుల దిగులుకు మార్కులు వేయడం. జనగామలో శిక్షణ ఇచ్చి, మహబూబాబాద్‌లో కొన్నాళ్లు తిప్పి, చివరకు భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లకు పంపారు. మందులు లేని, మాటలతో చేసే వైద్యం. మనసులోకొచ్చే చెడ్డ ఆలోచనను పట్టుకుని, ఇది నిజమేనా అని ఆ మనిషి చేతనే అడిగించాలి. రోజుకో చిన్న పని చేయించాలి. ఇదంతా పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఒక కాగితం, దాని మీద తొమ్మిది ప్రశ్నలు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, బతుకు మీద విసుగుందా. మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువన్నమాట. వైద్యం చేసేదీ నేనే, మార్కులు వేసేదీ నేనే. వండినవాళ్లే తిని బాగుందన్నట్టు. అది తప్పని నాకప్పుడు తట్టలేదు. తట్టినా నోరు మెదిపేదాన్ని కాదేమో.

ఆ క్వార్టర్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. నేను బాపూ అని పిలిచేదాన్ని. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగినవాడు, కొన్ని నెలలుగా డ్యూటీ మానేసి మంచం పట్టాడు. ఎందుకని అడిగితే ఏం లేదనేవాడు. మొదటిరోజు ఆయన మార్కులు ఇరవై దాటాయి. ఎనిమిది వారాలు గడిచినా ఆ అంకె కదల్లేదు. మిగతావాళ్లవి తగ్గుతున్నాయి, పైనుంచి ఫోన్లు వస్తున్నాయి, నాకు ఒళ్లు మండిపోతోంది.

అక్కడ పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. బాయి పనికి ఇక పనికిరాడని డాక్టర్లు తేలిస్తే దాన్ని అన్‌ఫిట్ అంటారు. అప్పుడు ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకే ఆ కాలనీలో ఎవరు మూలిగినా పక్కింటివాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. బాపుకూ ఒక కొడుకున్నాడు.

“బాపూ, నిజం చెప్పు. గిదంత అన్‌ఫిట్ కోసమేనా?” అన్నాను ఒకరోజు, నవ్వుతూనే. వాకిట్లో కూరగాయలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు విని నవ్వారు. బాపు కూడా నవ్వాడు.

“గంతే అనుకో బిడ్డా.”

తర్వాతి వారం వెళ్లేసరికి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నిద్ర అడిగితే “మంచిగ పడుతుంది” అన్నాడు. ఆకలి అడిగితే “మస్తుగైతుంది” అన్నాడు. పన్నెండో వారానికి మార్కులు మూడుకు దిగాయి. నేను పొంగిపోయాను. మహబూబాబాద్ మీటింగులో ఆయన సంగతి చెబితే చప్పట్లు కొట్టారు. అందరిలోకీ బాగా కోలుకున్నది ఆయనేనని నివేదికలో రాశాను. ఆ అంకె ఇప్పటికీ ఆ ఫైల్లోనే ఉంది.

కొన్నాళ్లకు ఏదో సంతకం కోసం చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన ఆయన భార్య నన్ను చూసి కంగారుపడింది.

“ఇయ్యాల వస్తవని చెప్పలేదు కద బిడ్డా. చెప్తే లేపి తయారు జేద్దును.”

“నువ్వు తయారు చేసుడేంది అవ్వా?”

“మరి ఆయనంతట ఆయన లేస్తడా? నువ్వొచ్చే దినం నేనే గడ్డం గీసి కూసోబెడుత. నువ్వు పోంగనే మళ్ల మంచమే. పోరని నౌకరి కోసం ఏషాలేస్తుండని నలుగురు నవ్విన్రు కద, గదే మనసుల వెట్టుకున్నడు. మాతోని గూడ మాట్లాడుతలేడు.”

సిగ్గుతో చచ్చిపోయాను. నీ ఆలోచన నిజమేనా అని ఆయన్ను వారం వారం అడిగినదాన్ని, నా అనుమానం నిజమేనా అని మాత్రం నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు. లోపల బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. కాగితాలున్న సంచి గడప దగ్గరే వదిలేసి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

“బాపూ, నిద్ర పడుతుందా?”

మెల్లగా తల తిప్పి నా చేతుల వైపు చూశాడు.

“రాసుకుంటున్నవా బిడ్డా?”

“లేదు బాపూ. కాగితం బయటనే పెట్టిన.”

మళ్లీ గోడవైపు తిరిగాడు.

“గట్లయితే పడ్తలేదు,” అన్నాడు.