యూదా బావ మోసిన పేరు

మా అక్క సారవ్వను చేసుకున్ననాడు బావ పేరు రాయమల్లు. గోదావరిఖనిలో గనులు తెరిచిన కొత్తలో ఊరు విడిచి వచ్చి, భూగర్భంలో బొగ్గును పట్టాల మీది టబ్బులకెత్తే పనిలో చేరాడు. అరవై నాలుగులో ఇద్దరూ గోదావరి నీళ్ళలో బాప్తిస్మం తీసుకున్నారు. అక్కను శారా అన్నారు, పిలిచేవాళ్ళకు పెద్ద తేడా తెలియలేదు. బావకు మాత్రం చర్చి ముసలి అయ్యగారు యూదా అని పెట్టి, ఆ ఏడే బదిలీ మీద వెళ్ళిపోయారు. పెట్టేవాళ్ళకేం, పెట్టి పోతారు. మోసేవాడి బాధ మోసేవాడిది.

మరుసటి మంచి శుక్రవారం చర్చిలో ఇస్కరియోతు యూదా గురించి చదివారు. యేసు చేతి రొట్టెముక్క తీసుకుని, వెంటనే లేచి చీకట్లోకి వెళ్ళి ఆయన్ను పట్టించినవాడు. చాపల మీద కూచున్నవాళ్ళంతా మా బావ వైపు తిరిగారు. కొందరు నవ్వారు కూడా. వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే. అప్పటినుంచి బావ ఆదివారం మానలేదు గానీ, యేసు చివరి విందు గుర్తుగా సంస్కారం రొట్టె ఇచ్చే వేళకు లేచి, బయట చెప్పుల దగ్గర నిలబడేవాడు.

కొత్తగా వచ్చిన అయ్యగారు నచ్చజెప్పబోయారు. "ఆ పేరు ఒక్కడిది కాదయ్యా. యాకోబు కొడుకు యూదా ఉన్నాడు. పన్నెండుమంది శిష్యుల్లోనే ఇంకో యూదా ఉన్నాడు. మన సంఘంలో మరియలు నలుగురు లేరా?"

"మరియలకేంది అయ్యగారు, ఏ మరియైనా మంచిదే," అన్నాడు బావ. "గింతమంది యూదాలుంటె, నేను ఎవ్వని పేరు మోస్తున్ననో నాకెట్ల ఎరుక? గది తెలువకుంట నేను రొట్టె ముట్ట."

అలాగే ఏళ్ళు గడిచాయి. అక్క ఒక్కతే రొట్టె తీసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూచునేది.

డెబ్బై ఒకటిలో పక్కింటి ఐలవ్వ కొడుకు సదయ్యకు గనిలో పని దొరికింది. ఆమె పెద్దకొడుకును గనే మింగింది. ఉన్న ఒక్కణ్ణి పంపనని ఐలవ్వ గడపకు అడ్డంగా కూచుంది. బావ వెళ్ళి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"నా పక్కన పెట్టుకుంట అవ్వా. పోరడు నా జిమ్మ. వాడు ఇంటికి రాకుంటె నేను నీకు మొఖం చూపియ్య."

ఐలవ్వ పక్కకు జరిగింది.

ఆ ఎండాకాలమే, నేనూ బావతో పాటు పనిలో ఉన్న మొదటి షిఫ్టులో గని కప్పు కూలింది. అందరం బయటికి పరుగెత్తాం. సదయ్య కాలు బండ కింద ఇరుక్కుపోయింది. బావ వెనక్కి వెళ్ళి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన కప్పు ఇంకా పెటపెటలాడుతోంది.

"జల్ది రా బావా! ఇద్దరు సస్తరు!" అని అరిచాను.

"వీళ్ళవ్వకు మాటిచ్చిన. పోరడు లేకుంట ఆమె తానికి నేనెట్ల పోత?"

మేం దుంగలు నిలబెట్టి బండ తీసేదాకా బావ కదలలేదు. ఇంకో పెళ్ళ ఊడిపడి బావ ఎడమ భుజం విరిగింది. సదయ్యకు మోకాలి కింద కాలు పోయింది, ప్రాణం దక్కింది.

దవాఖానకు వచ్చిన అయ్యగారికి గనిలో బావ అన్న మాట నేనే చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. తర్వాత బైబిలు తెరిచి, యాకోబు కొడుకు యూదా కథ చదివి వినిపించారు. ఒక కొడుకును పోగొట్టుకున్న యాకోబు, కడగొట్టు బెన్యామీనును ఐగుప్తుకు పంపనన్నాడు. వాడికి నేను హామీ అన్నాడు యూదా. అక్కడ చిన్నవాణ్ణి బానిసగా పట్టుకుంటే, వాడి బదులు నేనుంటాను, చిన్నవాడు లేకుండా నాన్న దగ్గరికి ఎలా పోతానన్నాడు.

"ఇది ఎప్పుడైనా విన్నావా?" అని అడిగారు.

"లేదయ్యగారు," అన్నాడు బావ. అంతవరకు నొప్పికి కూడా ఏడవని మనిషి, అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. ఏడవనిచ్చింది.

భుజానికి కట్టు విప్పాక వచ్చిన సంస్కారం ఆదివారం, ఐలవ్వ కూడా చర్చికి వచ్చింది. ఆమె మా సంఘం మనిషి కాదు. సదయ్యను గోడకు ఆనించి కూచోబెట్టి, తాను తలుపు దగ్గరే కూచుంది.

"యూదా," అని అయ్యగారు పిలిచారు. బావ కుడిచేత్తో రొట్టెముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అంతలోనే ఆ ఇస్కరియోతు గుర్తొచ్చాడో ఏమో, గబగబా తలుపు వైపు నడిచాడు.

ఐలవ్వ గడపకు అడ్డంగా ఉంది. ఈసారి జరగలేదు.

"ఏడికి పోతవు కొడుకా? కూసో."

బావ ఆమె పక్కనే కింద కూచున్నాడు. చివరి పాట అయ్యేదాకా లేవలేదు.