ఉపవాచకంలో మా అత్తగారు

పద్మారావు నగర్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో నేను తెలుగు టీచర్ని. మూడేళ్లుగా ఏడో తరగతికి ఒక కథ చెబుతున్నాను. ఉపవాచకంలో అయిదో పాఠం. పైన రచయిత్రి ఫొటో, పక్కన పరిచయం. ఆ రచయిత్రి మా స్టాఫ్‌రూములో నా ఎదురు కుర్చీలోనే కూర్చుంటుంది. ఆమె చెప్పేది సోషల్.

కథ మాత్రం మా ఇంటిది.

మా అత్తగారికి మావారు ఒక చిన్న ఫోను కొనిపెట్టారు. దానికి చుట్టాలెవరూ చేసేవారు కాదు, ప్లాట్లు అమ్మే అమ్మాయిలు చేసేవారు. ఆవిడ వాళ్లని ఒక పట్టాన వదిలేది కాదు. "ఏ ఊరమ్మా మీది? అన్నం తిన్నావా? ఏం కూర?" అంటూ అరగంట. ఒకసారి ఓ అమ్మాయి విసుగెత్తి పెట్టేస్తే, ఈవిడే తిరిగి చేసి, "మాట మధ్యలో కట్టయిపోయిందే తల్లీ" అంది.

ఆవిడ పోయాక ఒకరోజు లంచ్‌లో ఇదంతా అభినయంతో సహా చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. హిందీ టీచరుకి పొలమారింది. సోషల్ టీచరు ఒక్కతే, "మళ్ల ఏమైందక్కా?" అని అడిగింది. మెట్టుగూడ నుంచి వస్తుంది, నాకంటే పదేళ్లు చిన్న.

ఆర్నెల్లకి ఆదివారం అనుబంధంలో ఆమె కథ వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు స్కూళ్లకి ఉపవాచకాలు వేసేవాళ్లెవరో అడిగి తీసుకున్నారు. స్కూల్లో శాలువా కప్పారు. శాలువా ఉన్న పళ్లెం పట్టుకున్నది నేనే. సొమ్మొకరిది, సోకొకరిది.

నాకు కుళ్లు. దాచుకోవడమెందుకు? ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. యతులూ ప్రాసలూ నూరిపోస్తున్నాను. నా కథ ఒక్కటీ అచ్చు కాలేదు. మొఘలులూ రుతుపవనాలూ చెప్పుకునే మనిషి రచయిత్రి అయి కూర్చుంది. పైగా పరీక్షలో 'రచయిత్రి పరిచయం రాయండి' అని నాలుగు మార్కుల ప్రశ్న. 'ఈమె శైలి సరళం, హృద్యం' అని అరవై పేపర్లలో చదివి, అరవై టిక్కులు పెట్టాలి. ఒకడు ఆమె పేరే తప్పు రాశాడు. వాడికి మార్కు కోయబుద్ధి కాలేదు.

చుట్టాలకి చెప్పాను, పక్కింటివాళ్లకి చెప్పాను, రాంగోపాల్‌పేట్‌లో బట్టల కొట్టులో కనబడ్డ ఓ పాత విద్యార్థి తల్లికీ చెప్పాను, ఆ కథ నాదేనని. అది తిరిగి తిరిగి సోషల్ టీచరు చెవిన పడింది. మొన్న లంచ్ బాక్సు తెరవకముందే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాతోని ముందే చెప్పొద్దా అక్కా? విని మస్తు పరేషాన్ అయిన. నువ్వు చెప్తెనే కదా రాసిన. ఇప్పుడు కొత్త ప్రింటు వేస్తున్నరంట. 'ఇది మా తెలుగు టీచర్ ఇంట్ల జరిగిన ముచ్చట' అని నీ పేరు వేయిస్త. ఎక్కడ వేయాల్నో జెర చూడు."

పుస్తకం నా చేతిలో పెట్టింది. మూడేళ్లుగా నేను కోరుకున్న మాట అదే. మొదట్లో బాగుంటుందా, చివర బాగుంటుందా అని పేజీలు తిప్పాను. కథ చివర ప్లాట్ల అమ్మాయి, "ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మమ్మా?" అని అడుగుతుంది. "కోడలుంది తల్లీ, పక్కగదిలోనే. దానికి తీరికుండదు" అంటుంది పెద్దావిడ.

ఆ మాట నేను చెప్పలేదు. ఆమె కల్పించుకున్నది. కానీ పక్కగదిలో తలుపేసుకుని నేనుండేదాన్ని. ఆ పాఠానికి పిల్లల చేత నేను రాయించే నోట్సులో 'కోడలి స్వభావం: అత్తగారిని పట్టించుకోనిది' అని ఉంటుంది. రేపు నా పేరు పడితే, ఏడో తరగతి పిల్లలకి కూడా ఆ కోడలెవరో తెలుస్తుంది.

"మా అత్తగారు కాదులే," అన్నాను. "ఎవరో చెబితే విన్నాను. ఊరికే మా ఇంట్లో జరిగినట్టు చెప్పాను, అంతే."

"అట్లనా!" ఆమె మొహం విప్పారింది. "అయితే కథ నాదే అన్నట్టు కదా అక్కా?"

"నీదే," అని పుస్తకం ఇచ్చేశాను. తలుపవతలే ఉన్న నాకు వినబడని మాట మెట్టుగూడలో కూర్చున్న ఆమెకెలా వినబడిందో అని ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.