నేను ఎత్తని ఫోన్

దయ్యాల కథలు చాలా చదివాను. ఒక్కటీ నమ్మలేదు. ఆదివారం చర్చికి వెళ్లడం తప్ప దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం మా ఇంట్లో లేవు. ఎవరైనా తమకు ఏదో కనబడిందని చెబితే, నిద్రమత్తులో చూసి ఉంటారని మనసులో అనుకునేదాన్ని. పైకి అనేదాన్ని కాదు. పైకి ఏదీ అనే అలవాటు నాకు లేదు.

ఇప్పుడు రాస్తున్నది పట్టపగలు, మధ్యాహ్నం రెండున్నరకు, నలుగురం కూర్చొని ఉండగా జరిగింది.

మాది మొయినాబాద్. బాపు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్. దాని యజమానులు సిటీ నుంచి వచ్చిన రోజుల్లో అమ్మ వెళ్లి వంట చేసేది. అక్క పేరు సువార్త. నాకంటే నాలుగేళ్లు పెద్దది. పదో తరగతితో చదువు ఆపేసింది. నేను చేవెళ్ల కాలేజీకి బస్సులో వెళ్లి వస్తూ, లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకునేదాన్ని. చదివినవన్నీ రాత్రి పక్క మీద అక్కకు చెప్పేదాన్ని. ఆమె వింటూ వింటూ నిద్రపోయేది.

గచ్చిబౌలి దిక్కు అద్దాల ఆఫీసులు లేస్తున్న రోజులవి. పొద్దున్నే కంపెనీల బస్సులు మా రోడ్డు మీదకు కూడా రావడం మొదలైంది. కంప్యూటర్ నేర్చుకుంటే చాలు, ఉద్యోగం వస్తుందని అందరూ అనేవారు. అక్కకు అదే పట్టుకుంది. కోర్సులో చేరడానికి వీలు కాలేదు గానీ, ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే తనంతట తానే నేర్చుకుంటానని గట్టిగా నమ్మింది.

అప్పట్లో శనివారం మధ్యాహ్నాలు టీవీలో ఆడవాళ్ల ఆట ఒకటి వచ్చేది. మా వాడలో దాన్ని చూడని ఇల్లు లేదు. చివరి రౌండ్‌లో ఆట నడిపే ఆయన ఇంటి సంగతి ఒకటి అడిగేవాడు. ఆడే మనిషి జవాబును పలక మీద రాసి, పలకను బోర్లా పెట్టాలి. తర్వాత స్టూడియో నుంచి వాళ్లింటికి ఫోన్ కలుపుతారు. ఇంట్లోవాళ్లు కూడా అదే జవాబు చెబితే కంప్యూటర్ ఇస్తారు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే ఆట అక్కడితో అయిపోయినట్టే. అక్క కార్డు రాసింది. పిలుపు వచ్చింది.

మాకు ఫోన్ లేదు. కిరాణా షాపు సుగుణత్త వాళ్ల నంబరు ఇచ్చాం. రికార్డింగ్ రోజు అమ్మ, నేను పొద్దుటి నుంచి షాపు వెనక గదిలో ఆ ఫోన్ ముందు కూర్చున్నాం. పదకొండు దాటాక ఫామ్‌హౌస్ నుంచి కారు వచ్చింది. సిటీ నుంచి చుట్టాలు దిగారు, వంటకు అమ్మ వెంటనే రావాలని కబురు.

అమ్మ చెప్పులు వేసుకుంటూ నాతో చెప్పింది. "ఫోనొస్తే నువ్వే ఎత్తు బిడ్డా. అక్కనే గదా మాట్లాడేది, ఫికర్ వెట్టుకోకు."

ఆమె వెళ్లిన పావుగంటకు ఫోన్ మోగింది.

నేను రిసీవర్ మీద చెయ్యి పెట్టాను. నా గొంతు స్టూడియోలో అందరికీ వినబడుతుందని, తర్వాత ఊరంతా టీవీలో వింటుందని గుర్తొచ్చింది. చెయ్యి లేవలేదు. మోగిన ప్రతిసారీ, ఈసారి ఎత్తుతాను అనుకున్నాను. పద్నాలుగుసార్లు మోగి ఆగింది. పక్కనే పిండి గిర్ని నడుస్తోంది. ఆ చప్పుడులో ముందు గదిలో ఉన్న సుగుణత్తకు సరిగ్గా వినబడలేదు.

"ఏమన్నదే మీ అక్క?" అని అక్కడి నుంచే అడిగింది.

"ఎత్తేలోపే కట్ అయింది అత్తా" అన్నాను. సాయంత్రం అమ్మకూ అదే చెప్పాను. అక్కకూ అదే చెప్పాను. నిజం మాత్రం ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఆ ఆట టీవీలో వచ్చిన శనివారం అమ్మ సుగుణత్త ఇంట్లో అందరితో కలిసి చూద్దామని వెళ్లింది. అక్క, నేను బాపుకు సద్ది పట్టుకొని ఫామ్‌హౌస్‌కు వెళ్లాం. మొయినాబాద్‌లో సరిగ్గా ఆ గంటే కరెంటు పోయింది. వాడలో ఎవరూ చూడలేదు. ఫామ్‌హౌస్‌లో జనరేటర్ ఉంది. బాపు బయట మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. హాల్లో మేమిద్దరమే చూశాం.

ఫోన్ మోగుతూనే ఉంది. అక్క తెర మీద కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. "ఇంట్లో అందరూ మార్కెట్‌కు పోయినట్టున్నారమ్మా" అన్నాడు ఆట నడిపే ఆయన. జనం నవ్వారు. అక్క కూడా నవ్వింది. పలక బోర్లా ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

పక్కన కూర్చున్న అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నీకు సిగ్గు గదనే" అంది. అంతే. ఎన్నిసార్లు మోగిందో ఆమె అక్కడ నిలబడి విన్నది కదా, కట్ కాలేదని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. పలక మీద ఏం రాశావని అడిగితే, "ఇప్పుడెందుకు తియ్" అంది. ఇదంతా ఆ శనివారం పేజీలో ఉంది.

తర్వాత అక్క గులాబీ తోటలో పనికి చేరింది, పూలు పెట్టెల్లో సర్దే పని. రెండేళ్లకు వానకాలంలో జ్వరం వచ్చింది. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాం. సిటీకి తీసుకుపొమ్మన్నారు. దారిలోనే పోయింది.

అమ్మ ఆ చావును ఆ ఫోన్‌కు ముడివేసుకుంది. తాను ఉండి ఉంటే మొదటిసారి మోగగానే ఎత్తేది, కంప్యూటర్ వచ్చేది, పిల్ల తోట పనికి పోయేది కాదు, ఆ జ్వరం తగిలేది కాదు. ఇదీ ఆమె లెక్క. అన్నం ముందు కూర్చొని ఉన్నట్టుండి "ఆ కారెక్కకుంటే అయిపోవు" అనేది. ప్రతిసారీ నోటి దాకా వచ్చేది నాకు. మూడేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.

ఆ మూడో ఏడు ఆ చానల్ పాత ఆటలన్నీ మళ్లీ వేయడం మొదలుపెట్టింది, రోజూ రెండున్నరకు. వాడ ఆడవాళ్లు మళ్లీ సుగుణత్త ఇంట్లో చేరారు. చూసిన ఆటే అయినా కొత్తగా వాదించుకునేవారు. ఫలానామె ఆ డబ్బా తెరవకుండా ఉంటే గెలిచేదని ఒకరు, ఆమె మొహంలోనే ఓటమి ఉందని ఇంకొకరు. వాళ్లకొక రూలు ఉండేది. ముందే చూసినవాళ్లు గంట కొట్టే దాకా ఏమైతుందో చెప్పకూడదు. చెబితే ఆ రోజు అందరికీ చాయ్ వాళ్లే పెట్టాలి. ఎదురింటి నర్సవ్వ ఆగలేక చెప్పేసేది, రోజూ చాయ్ పెట్టేది.

"ఈమెకు ఫ్రిజ్ వస్తది సూడుర్రి" అనేది.

"అవ్వా, పొయ్యి కాడికి నడువు" అనేది సుగుణత్త.

అక్క ఆట వస్తుందని ముందు రోజే తెలిసింది. అమ్మ పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. పోయాక అక్క కదలడం, మాట్లాడడం ఆమె చూడబోయేది అదే మొదటిసారి. నేను రానన్నాను. "నువ్వొక్కదానివే చూసినవ్ గదా, నా పక్కన ఉండు" అంది. వెళ్లాను. అమ్మ, నేను, సుగుణత్త, నర్సవ్వ.

అక్క కనబడగానే అమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. నర్సవ్వ కూడా. మొదటి రెండు రౌండ్లూ నాకు గుర్తున్నట్టే జరిగాయి. చివరి రౌండ్ వచ్చింది.

"మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఎవరు?"

అక్క నవ్వుకుంటూ రాసి పలక బోర్లా పెట్టింది. ఫోన్ మోగసాగింది. నేను తల వంచుకొని లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగోసారి మోగుతూ మధ్యలో ఆగింది.

"హలో... అక్కా?"

ఆడపిల్ల గొంతు. వెనక గిర్ని తిరుగుతున్న చప్పుడు.

"ఎవరమ్మా మాట్లాడేది?" అని ఆయన అడిగాడు.

"నేను, కరుణను."

కరుణ నా పేరు. అమ్మ నా వైపు తిరిగింది. నేను టీవీ వైపే చూస్తున్నాను. ఆయన ప్రశ్న మళ్లీ చదివాడు. కాసేపు గిర్ని చప్పుడే వినబడింది. తర్వాత ఆ గొంతు చాలా మెల్లగా "అమ్మ" అంది.

అక్క పలక తిప్పింది. "చెల్లె" అని రాసి ఉంది.

జనం నవ్వారు. ఓడిపోయినట్టు గంట కొట్టారు. "రెండు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు కదమ్మా మీ చెల్లెలు" అన్నాడాయన.

"నా దగ్గర మాట్లాడుతది సార్" అంది అక్క. "పండుకునేటప్పుడు మొదలువెడితే ఆపదు."

ఓడిపోయిన మనిషి మొహం కాదది.

రౌండ్ అయిపోయింది, ప్రకటనలు వచ్చాయి. "ఇదా? ఇది నోరు తెరుస్తదా?" అని నర్సవ్వ నవ్వబోయి, అమ్మను చూసి ఆగింది. సుగుణత్త నాతో అంది. "మరి కట్ అయిందంటివి గదనే నాతోని? గిర్ని చప్పుడుల వినరాలే గని, నువ్వు మాట్లాడినవనే అనుకున్న అప్పుడు."

చాయ్ తాగకుండానే వచ్చేశాను.

సాయంత్రం అమ్మ గడపలో కూర్చొని చిక్కుడుకాయ గిల్లుతోంది. అంత తేలికగా ఉన్న మొహం మూడేళ్లలో చూడలేదు.

"తప్పు చెప్పినవని దాసినవా బిడ్డా?" అంది. "నేనున్నా తప్పే చెబుదును. నేనేమో మీ బాపు అందును. ఎట్లైనా ఓడిపోయేది. పాగల్ పిల్ల, ఎవలకు తెలుస్తదని రాసిందో."

అప్పుడు చెప్పాను. నేను ఫోన్ ఎత్తలేదని, పద్నాలుగుసార్లు మోగిందని, చెయ్యి రిసీవర్ మీదే ఉందని చెప్పాను. అమ్మ కాయ గిల్లుతూనే ఉంది.

"నా చెవులతోని విన్న" అంది.

డైరీలు తెచ్చాను. అమ్మకు చదువు రాదు. రెండు పేజీలూ పైకి చదివాను. పూర్తిగా విన్నది.

"నువ్వు రాసుకున్నది నువ్వు రాసుకున్నవ్. నేను విన్నది నేను విన్న. ఊకో."

తర్వాత చేయగలిగినవన్నీ చేశాను. కేబుల్ ఆయన్ను అడిగితే, పైనుంచి ఏది వస్తే అదే ఇస్తాం, మా దగ్గర టేపులేవీ ఉండవన్నాడు. చానల్‌కు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆ వరస అయిపోయే దాకా రోజూ చూశాను. ఆ ఒక్క ఆట మళ్లీ వేయలేదు. ఎవరో ఆడపిల్లతో మాట్లాడించి కలిపారా అనుకుందామంటే, ఓడిపోయిన పాత ఆట కోసం అంత శ్రమ ఎవరు పడతారు? నా పేరు వాళ్లకెలా తెలుస్తుంది? ఆ గిర్ని చప్పుడు ఎక్కడిది? నాకే మతి చెదిరి తప్పు గుర్తుపెట్టుకున్నానా అని కూడా ఆలోచించాను. కానీ డైరీ రాసింది ఐదేళ్ల తర్వాత కాదు, ఆ రోజే. సిరా కూడా పాతబడింది.

రాత్రుళ్లు అక్కకు కథలు చెప్పే సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. బాపుకూ తెలియదు. ఇదొక్కటి మాత్రం నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

అమ్మ ఆ కారు మాట మళ్లీ ఎత్తలేదు. వేళకు తింటోంది. ఇంటికి ఎవరు వచ్చినా, అక్కాచెల్లెళ్లు టీవీలో మాట్లాడుకున్నారని చెబుతోంది. వాళ్లు నా వైపు చూసి, నిజమేనా అని అడుగుతారు. అమ్మ మొహం చూసి తల ఊపుతాను.

నేను ఆ ఫోన్ ఎత్తలేదు. ఆ మాట తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది.