ఎడమ పట్టీ

ముందు ఎడమ పట్టీ. పందెగాడు కుసుమోతో సైకిల్ సీటు మీద కూర్చుని, నడుము వంచి, కుడి చేతిని అడ్డంగా ఎడమ కాలి దాకా తీసుకెళ్ళి తోలు పట్టీ కొస పట్టుకుని పైకి లాగుతాడు. బూటు ముందు భాగం ఇనుప చట్రంలో బిగుసుకుంటుంది. మిగిలిన కొసను బకిల్ కిందికి దోపుతాడు. తర్వాత కుడి పట్టీ. తర్వాత నిటారుగా కూర్చుని ఎటూ చూడడు.

ముప్ఫై ఏళ్ళుగా ప్రతి పందెం ముందూ ఇదే. మారింది ఒకటే. ఎడమ పట్టీని ఇదివరకు ఎడమ చేత్తో లాగేవాడు.

కుసుమోతో షిగెహారుకి యాభై ఏళ్ళు. జపాన్‌లోని కుమమోతో ఊరి మనిషి. ఇరవయ్యో ఏట, జనం డబ్బు కాసే కెయిరిన్ సైకిల్ పందేలలో చేరాడు. పెద్ద పేరు రాలేదు. భార్య సుమియె ఇంటి కింది గదిలో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరిస్తుంది. పందెం ఉన్న రోజుల్లో ఆయన ట్రాక్ లోపలి బసలో ఉంటాడు. ఫోను సంచిలో పెట్టి సీలు వేస్తారు. ఆ మూడు నాలుగు రోజులు ఆయన ఉన్నాడో పడ్డాడో ఆమెకు పేపరు చూస్తేనే తెలుస్తుంది. ఆయనకి మెడ కింది కాలర్ ఎముక ఎడమ వైపు మూడుసార్లు విరిగింది. మూడోసారి అతికాక ఆ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. నిరుటి శీతాకాలానికి బొటనవేలి బలం కూడా పోయింది.

ఆ సైకిల్‌కి బ్రేకు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, పెడల్‌తో పాటు కాలూ తిరుగుతుంది. గీత దాటాక అందరూ వేగం తగ్గించుకుంటూ, తిరుగుతున్న కాలి వెంటే చెయ్యి పోనిచ్చి, బొటనవేలితో బకిల్ నొక్కి పట్టీ వదులు చేసుకుంటారు. కుసుమోతో అది చెయ్యలేడు. ఇంకో రెండు చుట్లు తిరిగి, సైకిల్ దానంతటదే నెమ్మదించాక, గోడకి భుజం ఆనించి, కుడి చేత్తో తీసుకుంటాడు.

"అన్న ట్రాక్‌కి ప్రదక్షిణాలు చేస్తున్నాడర్రా," అని తోటివాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు.

ఇంటి దగ్గర రోడ్డు మీద ప్రాక్టీసుకి వేరే పెడల్స్ పెట్టుకున్నాడు. బూటు అడుగున బిళ్ళ ఉంటుంది, తొక్కితే టక్కున పట్టుకుంటుంది, మడమ పక్కకి తిప్పితే వదిలేస్తుంది. చేతితో పని లేదు. ఆ సంగతి తెలిసి ఒనిజుక వెక్కిరించాడు. ఒనిజుక అదే ఊరివాడు, ముప్ఫై మూడేళ్ళవాడు, కుసుమోతో దగ్గరే పని నేర్చాడు.

"అవి కుర్రకారు పెడల్స్ అన్నావుగా అన్నా. ఇనుమూ తోలూ తప్ప ఏదీ కాలిని నమ్మకంగా పట్టదన్నావు."

"మోకాలికి సుఖంగా ఉన్నాయిలే."

పందెంలో మాత్రం అవి పనికిరావు. పెడల్, చట్రం, పట్టీ, అన్నిటి మీదా పందేల సంఘం ముద్ర ఉండాలి. పందేలకి ముందురోజు తనిఖీ గదిలో సంఘం అధికారిణి ఇనగాకి గారు ప్రతి సైకిల్‌నీ చూస్తుంది. మనుషుల చేతులు చూసే అలవాటు ఆవిడకు లేదు.

ఆర్నెల్లకోసారి మార్కుల పట్టికలో అట్టడుగున ఉన్న ముప్ఫై మంది పేర్లు కొట్టేస్తారు. జూన్ నెలాఖరు. కుసుమోతో ఆ ముప్ఫై మందికి కాస్త పైన ఉన్నాడు. సముద్రం పక్క ట్రాక్‌లో ఈ మూడు రోజులూ ప్రతి పందెమూ పూర్తి చేస్తే చాలు, చివరి స్థానమైనా సరే, పేరు నిలుస్తుంది. ఒక్కటి మధ్యలో ఆగినా నిలవదు. ఇది ఆయనకీ తెలుసు, కంచె బయటి ముసలి ప్రేక్షకులకీ తెలుసు.

"ఒరేయ్ తాతా! నీ మీద కొన్న టికెట్‌తో ముక్కు చీదుకుంటానా, దాచుకోనా?"

మొదటి రోజు అయిదో స్థానం వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం ఏడుగురు దిగారు. ఒకే ప్రాంతం వాళ్ళు ఒకరి వెనక ఒకరు పోవడం అక్కడి పద్ధతి. ఎవరి వెనక పోయేదీ ముందు రోజే పత్రికల వాళ్ళకి చెప్పాలి, చెప్పాక తప్పకూడదు. కుసుమోతో "ఒనిజుక వెనక" అన్నాడు. అలాగే పోయాడు. ఆఖరి చుట్టు గంట మోగింది. ఒనిజుక లేచి తొక్కాడు. చివరి మలుపు దాటి తిన్నని దారిలోకి వచ్చాక బయటి వైపు నుంచి ఒకడు ఒరిగాడు. హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలింది. కుసుమోతో ఎడమ వైపు పడ్డాడు. వెనక వస్తున్న నరుసె అనే కుర్రాడు ఆయన చక్రం ఎక్కి పడ్డాడు. మిగతావాళ్ళు తప్పుకుని పోయారు.

గీతకి ఇరవై మీటర్లుంది. ముప్ఫై మీటర్ల లోపల పడినవాడు సైకిల్‌ని నెట్టుకుంటూ అయినా, మోసుకుంటూ అయినా గీత దాటవచ్చు. దాటితే స్థానం ఇస్తారు.

నరుసె గడ్డం నుంచి రక్తం కారుతోంది. పడగానే రెండు పట్టీలూ విప్పుకున్నాడు. కానీ లేవలేకపోయాడు. కుసుమోతో సైకిల్ వాడి మీద అడ్డంగా ఉంది, ముందు చక్రం ఇంకా వాడి మెడ పక్కన తిరుగుతోంది. కుసుమోతో కుడి కాలు ఊడింది, సైకిల్ తియ్యాలంటే ఎడమ కాలూ బయటికి రావాలి. పెడల్ కింద నలిగి బకిల్ వంకరపోయింది. ఒక చెయ్యి నొక్కాలి, ఒక చెయ్యి లాగాలి. ఆయన నొక్కాడు. ఎడమ చెయ్యి లాగలేదు.

"తియ్యి అన్నా! కాలు తియ్యి!" అని నరుసె అరిచాడు.

అధికారి జెండా పట్టుకుని చూస్తున్నాడు. కుసుమోతో ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత కుడి చేత్తో బూటు లేసు విప్పి కాలు బయటికి లాక్కున్నాడు. సైకిల్ ఎత్తాడు. నరుసె లేచి, తన సైకిల్ నెట్టుకుంటూ ముందు దాటాడు. కుసుమోతో సైకిల్ భుజాన వేసుకుని ఒక మేజోడుతో నడిచి దాటాడు. బూటు పెడల్‌లోనే ఉంది.

"బూటుకి వేరే టికెట్ కొనాలా తాతా?" అని కంచె బయట ఎవరో అరిచారు. జనం నవ్వారు.

ఏడో స్థానం. మార్కు వచ్చింది.

వైద్యుడు ఎముకలు బాగున్నాయన్నాడు. నరుసె గడ్డానికి పదకొండు కుట్లు పడ్డాయి. బసకి వస్తూనే కుసుమోతోని చూసి, "నీ చక్రం నాకు గడ్డం గీద్దామనుకుంది అన్నా," అన్నాడు. నవ్వితే నొప్పి పుట్టి ఆగిపోయాడు.

సాయంత్రం స్నానాల తొట్టిలో ఒనిజుక, కుసుమోతో ఇద్దరే మిగిలారు. నీళ్ళు బాగా వేడిగా ఉన్నాయి. ఒనిజుక ఆయన ఎడమ చేతి వంక చూస్తూ అడిగాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"ప్రదక్షిణాలు భక్తితో కాదని ఇవాళ తెలిసింది."

"శీతాకాలం నుంచి."

"వదినకి తెలుసా?"

"గుండీలు ఆవిడే పెడుతుంది."

ఒనిజుక మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు. "నేను ఎవరికీ చెప్పను. ఈ చెవులతో విన్నాను, ఇక్కడే వదిలేస్తాను. రేపు కూడా నీ ముందు పోయేది నేనే. నేను పడితే నువ్వు నా మీద పడతావు. నువ్వు పడితే నరుసెలాంటివాడు ఇంకొకడు. వెనకెవరున్నారో తెలిసి తొక్కడం వేరు, తెలియక తొక్కడం వేరు."

"రేపు ఒక్కటి. పూర్తి చేస్తే పేరు ఉంటుంది."

"ఉంటుంది అన్నా. లెక్క నేనూ వేశాను."

కుసుమోతో ముందు లేచాడు. తువ్వాలు పిండాలంటే రెండు చేతులు కావాలి. ఒనిజుక పిండి ఇచ్చాడు.

మరునాడు ఉదయం కుసుమోతో అందరికన్న ముందు భోజనాల గదికి వెళ్ళి అన్నం, మిసో పులుసు, ముల్లంగి ఊరగాయ తిన్నాడు. పళ్ళెం తనే కడిగాడు. ఇనగాకి గారు తనిఖీ గది షట్టరు ఎత్తుతుంటే వెళ్ళి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"ఇది మూసుకోదండీ. శీతాకాలం నుంచి."

ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే వంచి చూసింది. వదిలితే వదిలినచోటే ఉన్నాయి.

"సైకిల్‌కి తప్పేం లేదు," అంది చివరికి. "ఇవాళ్టి పందెం మానుకుంటారా, మొత్తమా?"

"మొత్తం."

"మొత్తం మానే కాగితం నా దగ్గర ఉండదు. మీ ఊరి సంఘం శాఖలో అడగాలి. ఇవాళ్టిది మాత్రం ఇస్తాను."

ఇవాళ్టి కాగితం మీద సంతకం పెట్టాడు. ఫోను తీసుకున్నాడు. ఒనిజుక వార్మప్‌లో ఉన్నాడు, పిలవలేదు. తొమ్మిదింటి రైలెక్కి కుమమోతోలో దిగాడు. ఇంటి వైపు వెళ్ళే ట్రామ్‌ని పోనిచ్చి, సంచి కుడి భుజాన వేసుకుని, శాఖ ఆఫీసుకి నడిచాడు.