పంచరు వదిన పెట్టిన సుద్ద గుర్తు

లారీల అడ్డాలో పంచరు వదిన చేతి దెబ్బ తిననివాడు ఎవడైనా ఉన్నాడంటే, వాడు నిన్నో మొన్నో కొత్తగా వచ్చినవాడై ఉండాలి. తప్పతాగి షాపు ముందు వాంతి చేసుకున్నవాణ్ణి జుట్టు పట్టుకుని, పంచర్లు చూసే నీళ్ల తొట్టిలో ముంచి లేపింది. గాలి పట్టించుకుంటూ ఆమె నడుం మీద చెయ్యి వేయబోయిన డ్రైవరుకు ముందు పన్ను ఒకటి గడప దగ్గరే రాలింది. దాన్ని వెతికి, కాగితంలో చుట్టి, "జాగ్రత్తగా దాచుకో నాయనా, మీ ఆవిడ అడిగితే చూపించాలి కదా" అని చేతిలో పెట్టి పంపింది.

అలాంటి మనిషి బైబిల్ పాఠాలు చెబుతుందంటే నవ్వనివాడు పాపాత్ముడు.

మొదట ఆమె మామూలు ఇల్లాలే. మొగుడు లారీలకు లోడు ఎత్తేవాడు. అడ్డాలో కుర్రకారంతా అతన్ని అన్నా అని పిలిచేవారు. అన్న పెళ్లాం కాబట్టి ఆమె అందరికీ వదిన. ఆ తమ్ముళ్లలో మరీ దగ్గరివాడు ఇనుము. కన్నవాళ్లు పెట్టిన పేరు వాడికే గుర్తుందో లేదో. బస్తాకు ఒక కొస అన్న పడితే రెండో కొస ఇనుము పట్టాల్సిందే. ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు. వదిన కొడుకు వాడి భుజాలెక్కి, "బాబాయ్, ఇంకా పైకి" అంటూ పెరిగాడు.

ఆ ఇద్దరికీ లోడు వంతు దగ్గర చెడింది. మాటకు మాట పెరిగి, నీ అబ్బ అంటే నీ అబ్బ అనుకునేదాకా పోయి, ఇనుము జాకీ రాడ్డు అందుకున్నాడు. అన్న మోకాలి మీద పడిన దెబ్బ ఎండుకట్టె విరిగినట్టు అడ్డా చివరిదాకా వినిపించింది. ఒక దెబ్బతో ఆగి ఉంటే ఏదో కోపం అనుకోవచ్చు. కిందపడ్డాక మళ్లీ అదే చోట కొట్టాడు. చిప్ప పొడైంది. ఇనుము జైలుకు పోయాడు, అన్న మంచానికి అంటుకున్నాడు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వదిన ఇంటి ముందే పంచర్ల షాపు పెట్టి సమ్మెట పట్టింది. లారీ టైరు విప్పడం, ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడటం, అక్కడ తుడిచి చుట్టూ పసుపురంగు సుద్దముక్కతో గుర్తు పెట్టడం నేర్చుకుంది. గుర్తు పెట్టిన ట్యూబును అతుకు వేసేదాకా ఎవడూ ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడి వేళ్లకు సమ్మెట కాడ తగిలేది. షాపులో అది చట్టం.

ఇనుము శిక్ష ముగించుకుని తిరిగొచ్చేసరికి వదిన కొడుక్కి మీసాలొచ్చాయి. వాడూ లోడు పనిలోనే చేరాడు. చొక్కా కింద టైర్లు విప్పే పొట్టి లివరు ఒకటి దోపుకుని తిరిగేవాడు.

"ఎందుకురా అది?"

"పనికొస్తుందిలే అమ్మా."

కడుపున కన్నది, ఎందుకు పనికొస్తుందో ఆమెకు తెలియదా! మొగుడి మోకాలు పోయినప్పుడు కన్నీటిచుక్క రాల్చని మనిషి, కొడుకు హంతకుడవుతాడేమోనని సమ్మెట వేస్తూ వేస్తూ ఆగి కళ్లు తుడుచుకునేది.

అడ్డా వెనక గోడకు ఆనుకుని రేకుల చర్చి ఉంది. వదిన చివరి కుర్చీలో కూర్చుని, ప్రసంగం సాగినకొద్దీ కునుకు తీసేది. ఆ చర్చికి ఒకరోజు బైబిల్ కాలేజీ మాస్టారొకరు వచ్చారు. హాస్టల్లో ఏళ్లతరబడి ఉండి చదివేవాళ్లకు చెప్పే పాఠాలు ఇకనుంచి చర్చిలకే తెస్తాం, వాడకొకరు నేర్చుకుని తమ వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి అన్నారు.

పాస్టరుగారు "మరి లారీల అడ్డాకు ఎవరు?" అనగానే అందరూ తలలెత్తి పైకప్పు రేకులు చూడటం మొదలుపెట్టారు.

"నేను," అని లేచింది వదిన. "మా షాపులోనే కూర్చోబెడతా."

"వాళ్లు వస్తారంటావా అమ్మా?" అన్నారు మాస్టారు.

"రాకపోతే ఈడ్చుకొస్తానండీ."

"అలా కాదమ్మా, ప్రేమతో పిలవాలి."

"ప్రేమ ఉంది కాబట్టే ఉత్త చేత్తో కొడుతున్నానండీ. లేకపోతే సమ్మెట లేదూ?"

కూర్చోబెట్టేవాళ్లలో కొడుకునూ కూర్చోబెట్టొచ్చు కదా అన్నదే ఆమె అసలు ఆశ. అది మాత్రం పైకి చెప్పలేదు.

మాస్టారు నేర్పిన పద్ధతిలో ముందు ప్రసంగం ఉండదు. కథ చదవాలి, చీటీలు తీసి వేషాలు పంచుకోవాలి, ఆడాలి. ఆడాక మూడే ప్రశ్నలు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇందులో నువ్వెవరు? చీటీలో ఏది వస్తే అదే వేషం, మార్చుకోకూడదు. తప్పిపోయిన గొర్రె కథ ఆడిన వారం గొర్రె వేషంవాడు నిజంగానే తప్పిపోయి సారాకొట్టులో దొరికాడు. వదిన వాణ్ణి భుజాన వేసుకుని తెచ్చింది, కథలో ఉన్నట్టే. దారిలో రెండు పీకింది, అది కథలో లేదు.

అలా సాగుతుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో ఇనుము నిలబడ్డాడు.

"నేనూ కూర్చోవచ్చా వదినా?"

కొడుకు చెయ్యి నడుం దగ్గరికి పోయింది. మూల చాప మీద ఉన్న అన్న గోడవైపు తిరిగాడు. వదిన చేతిలోని సమ్మెట కింద పెట్టకుండానే, "ఆ టైరు మీద కూర్చో. నోరెత్తకు" అంది. వాడంటే మనసు కరిగి కాదు. కొడుకు కసి ట్యూబులో గాలి లాంటిది, ఎక్కువైతే ఏదో ఒకరోజు మొహం మీద పేలుతుంది, కొంచెం కొంచెంగా వదిలించాలన్నది ఆమె లెక్క.

తర్వాతి వారం పాఠం బైబిల్లో మొదటి అన్నదమ్ముల కథ. ఈర్ష్యతో అన్న తమ్ముణ్ణి పొలానికి తీసుకుపోయి చంపుతాడు, తమ్ముడి రక్తాన్ని నేల తాగుతుంది, ఆ రక్తం నేలలోంచి మొరపెడుతుంది. అందుకే వదిన నేలకూ ఒక చీటీ రాసింది. మొగుడి పాత టోపీలో చీటీలు వేసి కలిపింది. నేల వేషం వదిన మొగుడికే వచ్చింది. పైనుంచి నిలదీసే దేవుడి గొంతు వదినకు వచ్చింది. చంపే అన్న చీటీ కొడుకు చేతిలో, చచ్చే తమ్ముడి చీటీ ఇనుము చేతిలో.

"వదినా, ఇవాళ్టికి మళ్లీ గొర్రె కథే ఆడదామా?" అన్నాడు, ఆ సారాకొట్టు రోజు నుంచి గొర్రె అనే పేరు పడ్డవాడు.

మార్చేద్దామని ఆమెకూ నోటిదాకా వచ్చింది. పద్ధతి పద్ధతే అన్న మొండితనం ఒకటి, ఆడితేనైనా కొడుకు కడుపులో కసి దిగుతుందన్న ఆశ ఒకటి, రెండూ కలిసి ఆమె నోరు నొక్కేశాయి.

"పొలానికి పోదాం రా తమ్ముడూ," అన్నాడు కొడుకు. ఆ గొంతు వాడిలా లేదు.

ఇనుము లేచి, కథలో ఉన్నట్టే, వాడికి వీపు చూపించి ముందు నడిచాడు. చొక్కా ఎత్తడం, లివరు లాగడం, కొట్టడం రెప్పపాటులో అయిపోయాయి. ఇనుము తల వెనక చర్మం చీలింది. రక్తం చిమ్మి తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. బాగా ఆడుతున్నారనుకుని గొర్రె చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో చేతులు బిగుసుకుపోయి ఆగాడు.

ఇనుము పేరుకు తగ్గవాడే. పడలేదు. గిర్రున తిరిగి కుర్రాడి గొంతు పట్టి కంప్రెసరుకేసి అదిమాడు. వాడి కళ్లు తేలిపోయాయి. ఇనుము వెంట వచ్చి కూర్చున్న లోడు మనుషులు, కొడుకు స్నేహితులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకడు బెంచీ కాలు ఊడబెరికి ఎదుటివాడి దవడ మీద వేశాడు. ఎవడి వేలో ఎవడి పళ్ల మధ్యో నలిగింది. ముక్కులు పగిలాయి. నేల వేషంలో గచ్చు మీద పడుకున్న అన్న లేవలేడు కదా, అతని మీద నుంచే తొక్కుకుంటూ కొట్టుకున్నారు.

రక్తం కారిపోయి కళ్లు తిరిగి ఇనుము పట్టు జారింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. కొడుకు రెండు చేతులతో లివరు ఎత్తాడు, ఈసారి నడినెత్తికి. వదిన ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆ ఇంటికి కొత్తదేం కాదు.

"నీ తమ్ముడు ఏడిరా?" అని అరిచింది. అది ఆమె వేషానికి ఉన్న మాట. ఆ క్షణంలో ఇంకో మాట నోటికి రాలేదు.

అయినా వాడు మళ్లీ ఎత్తాడు. అప్పుడు కిందనుంచి, ఏళ్లుగా గోడతో తప్ప మాట్లాడని అన్న గొంతు లేచింది.

"దిగండ్రా నా మీద నుంచి! చాలు. తాగింది చాలు. ఇంకొక్క చుక్క నాకు పట్టదు!"

నేలకు ఆ పాఠంలో మాటలు లేవు. ఆ మాటలు అతనికి ఎవరూ చెప్పలేదు. లివరు కొడుకు చేతిలోంచి జారి గచ్చు మీద ఖంగుమంది.

ఇనుమును లారీలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. బతికాడు. దెబ్బ ఎలా తగిలిందని అడిగితే, "లారీ మీంచి జారిపడ్డా" అన్నాడు. అది విని అడ్డా అంతా హడలిపోయింది. పోలీసులకు చెప్పలేదంటే తానే తేల్చుకుంటాడన్నమాట.

చేతికి పిండికట్టుతో కూర్చున్న వదినను చూడటానికి మాస్టారు వచ్చారు. "ఇలా ఆడించమని నేను చెప్పలేదమ్మా," అన్నారు.

"మీరు చెప్పింది చెప్పినట్టే చేశామండీ. అదే వచ్చిన చిక్కు."

కొడుకు అన్నం ముట్టడం మానేశాడు. అమ్మ కట్టు వైపు చూడటం, తన చేతులు చూసుకోవడం, ఇదే పని.

"ఎక్కడికైనా పోనా అమ్మా?"

"పోతే బతుకంతా పోతూనే ఉండాలిరా. కూర్చో. కథలో సగమే అయింది."

ఆదివారం మధ్యాహ్నం షాపు తెరిచే ఉంచింది. అన్న, కొడుకు, మాస్టారు తప్ప ఎవరూ రాలేదు. కాసేపటికి తలకు కట్టుతో ఇనుము వచ్చాడు. వెనక వాడి మనుషులు, చేతుల్లో రాడ్లు.

"జరుగు వదినా. నీతో పనిలేదు."

వదిన జరగలేదు. కుడిచేత్తో జేబులోంచి సుద్దముక్క తీసి, కొడుకు గడ్డం పైకెత్తి, నుదుటి మీద గుండ్రంగా గీసింది.

"కథ అయిపోలేదురా ఇనుమూ. చంపిన అన్నకు దేవుడు గుర్తు పెడతాడు. ఎవడూ వాణ్ణి ముట్టుకోకూడదని."

"కొడుకు కోసం కల్పిస్తున్నావా?"

"మాస్టార్నే చదవమను."

"ఆయన నీ పక్షం. మావాడు చదువుతాడు." ఇనుము తన మనిషిని ముందుకు తోశాడు. వాడు పుస్తకం అందుకోబోతే రాడ్డు అడ్డం వచ్చింది. చంకలో పెట్టుకుని చూశాడు, కుదరలేదు. చివరికి గోడకు ఆనించి, రెండు చేతులా పుస్తకం పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చెమటలు కారుతున్నాయి, కొట్టడానికి కూడా వాడు అంత కష్టపడి ఉండడు.

"ఉందన్నా. ముట్టుకున్నవాడికి ఏడింతలు శిక్ష పడుతుందట."

ఇనుము తలకట్టు తడుముకున్నాడు. తర్వాత, "మరి చచ్చినవాడి సంగతో? వాడికి ఏ గుర్తూ లేదా?" అన్నాడు.

మాస్టారు ఏదో చెప్పబోయారు. "మీరు ఆగండి మాస్టారూ," అంది వదిన. "మూడో ప్రశ్న మిగిలింది. ఇందులో నువ్వెవరు?"

వాడు కొడుకు నుదురు చూశాడు, వదిన పిండికట్టు చూశాడు. చాప మీద కర్రలా చాచి ఉన్న అన్న కాలు చూసి, అక్కడే ఆగిపోయాడు. మనుషులు రాడ్లు చేతులు మార్చుకుంటూ నిలబడ్డారు. ఇనుము వెళ్లి ఆ కాలి దగ్గర కూలబడ్డాడు.

"చీటీ తప్పొచ్చింది వదినా. చంపేవాడి చీటీ నాదే."

అన్న చెయ్యి చాపాడు. వదిన సుద్దముక్క ఇచ్చింది. ఇనుము నుదుటి మీద కట్టు ఉంది, అన్న ఆ కట్టు మీదే గీశాడు. మెల్లగా కాదు, ఏళ్ల కసి అంతా వేళ్లలోకి తెచ్చుకుని, దెబ్బ అదిరేలా నొక్కి గీశాడు. ఇనుము పళ్లు బిగించి మూలిగాడు గానీ తల వెనక్కి తీయలేదు. తల వెనక కట్టు మీద ఎర్రగా ఊరింది. సుద్దముక్క రెండుగా విరిగింది.

"నా మోకాలు ఇక రాదు," అన్నాడు అన్న. "నిన్ను మాత్రం ఎవడూ ముట్టుకోడు. ఇక పో."

వదిన చెయ్యి వంకరగానే అతుక్కుంది. సమ్మెట ఇప్పుడు కొడుకు వేస్తాడు. లివరు మేకుకు వేలాడుతుంది, టైర్లు విప్పడానికి తప్ప కిందికి దిగదు. ఇనుము వారం వారం వచ్చి అదే టైరు మీద కూర్చుంటాడు. అన్నా అతనూ మాట్లాడుకోరు, మంచినీళ్ల చెంబు మాత్రం అటూ ఇటూ మారుతుంది. టోపీలో చీటీలు కలుపుతుంటే గొర్రె ఒక్కడే ప్రతిసారీ చెయ్యెత్తి ముందుగా అడుగుతాడు.

"వదినా, ఇవాళ్టి కథలో ఎవరైనా చస్తారా?"