పుట్టకముందే రిజిస్టరైన బండి

ఆ రోజుల్లో హిందూపురంలో బండి ఉన్నవాడికి ఒక మర్యాద, బండి లేకపోయినా బండ్ల గురించి తెలిసినవాడికి ఇంకో మర్యాద ఉండేవి. మొదటిది నాకు ఎలాగూ అందదు కాబట్టి రెండోదాని వెంట పడ్డాను. తొంభైల చివర్లో అక్కడ ఐ.టి.ఐ. చదివేవాణ్ణి. ఆ చదువు ఎంత వంటబట్టిందో ఇప్పుడు చెప్పుకోవడం దేనికిగానీ, బస్టాండు వెనక ఒక మెకానిక్ షెడ్డులో పొద్దు గడిపి (తరగతులు ఉన్న పొద్దు కూడా) ఒక విద్య మాత్రం సంపాదించాను. మోటారు సైకిలు చాసిస్ నెంబరు చూసి, అది ఏ ఏడాది తయారైందో చెప్పేయడం. మా వైపు 'ఏ మోడల్' అంటే ఏ రకం అని కాదు, ఏ సంవత్సరం అని. సెకండ్‌హ్యాండు బండి కొనేవాళ్ళకు ప్రాణమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉండేది. ఒక ఏడాది అటూ ఇటూ అయితే ధరే కాదు, అమ్మేవాడి గొంతు కూడా మారిపోయేది.

షెడ్డు పెద్దాయన్ని అందరూ స్పానర్ తాత అనేవాళ్ళు. ఒక రోజు తాత గ్రీజు చేత్తోనే బండి హ్యాండిల్ కింద, మెడ మీద కొట్టిన నెంబరు చూపించాడు. "ఈ మొదటి అక్షరముండాదే, అది ఏడాదప్పా. ఈ కంపెనీ బండికి ఎనభై ఆరంటే ఏ, ఎనభై ఏడంటే బీ. అట్ల పోతాంటాది" అన్నాడు. అంతలో ఎవరో పంక్చరైన బండి తోసుకుంటూ వస్తే అటు తిరిగాడు. తాత మాట పూర్తయిందో లేదో కనుక్కోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ వచ్చు, వేళ్ళు పది ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం కొన్నాను. అక్షరానికి ఒక పేజీ. కిరోసిన్ గుడ్డతో బండి మెడ తుడిచి, దాని మీద తెల్ల కాగితం పెట్టి, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే నెంబరు కాగితం మీదికి తేలుతుంది. అలా తేలిన ప్రతి నెంబరూ కత్తిరించి దాని పేజీలో అంటించేవాణ్ణి. చూస్తూ చూస్తూ పుస్తకం ఉబ్బింది. అప్పటిదాకా వచ్చిన అక్షరాల్లో 'ఐ' పేజీ ఒక్కటే ఖాళీగా మిగిలింది. హిందూపురం వదిలి మడకశిర సంతదాకా పోయి వెతికినా ఐ బండి ఒక్కటీ దొరకలేదు. చాలా ఆలోచించి, ఆ ఏడాది కంపెనీలో సమ్మె జరిగి ఉంటుందని తేల్చాను. ఆ సంగతి పేజీ పైన ఎర్ర ఇంకుతో రాసి, కింద గీత కూడా గీశాను.

నాకు పేరు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. టీ అంగడి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు బండి స్టాండు వేసి "ఏమప్పా, నా బండి కొంచెం చూడు" అనేవాళ్ళు. చూసేవాణ్ణి, వేళ్ళు మడిచేవాణ్ణి, చెప్పేవాణ్ణి. ఆర్.సి. పుస్తకం అడిగేవాణ్ణి కాదు (అడిగితే విద్యకు అవమానం కదా). నేను చెప్పిన ఏడాది చాలామందికి వాళ్ళు అనుకున్నదానికంటే ఒకటి ఎక్కువగా వచ్చేది. అంటే బండి ఒక ఏడాది చిన్నదయ్యేది. "నాకు అమ్మినోడే తప్పు చెప్పినట్లుండాడే!" అని మురిసిపోయి టీ ఇప్పించేవాళ్ళు. తన బండి వయసు తగ్గిందని పేచీ పెట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా ఊరు పెనుకొండ. మాది దూదేకుల ఇల్లు. నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. దూది మూట సైకిలు వెనక కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళకు పోయేవాడు. ఆ ఏడు ఆయనకు కుడి మోకాలు పట్టేసింది. ఎత్తు వస్తే దిగి, సైకిలు తోసుకుంటూ, మధ్యలో మైలురాయి మీద కూర్చుని కాలు చాపుకునేవాడు. ఈ సంగతి ధర్మవరంలో పట్టు నూలు అంగడి పెట్టుకున్న శెట్టి మామకు తెలిసింది. మామ, నాయన చిన్నప్పుడు పెనుకొండ బడిలో ఒకే బెంచీ. ఏడో తరగతిలో ఇద్దరూ ఒకేసారి తప్పారు. ఆ స్నేహం అప్పటి నుంచి అలాగే ఉంది. శెట్టి మామ తన మోటారు సైకిలు మానేసి కిక్కు కొట్టక్కర్లేని స్కూటరు తీసుకున్నాడు. పాత బండి నాయనకే ఇస్తానని, వాయిదాల మీద ఎప్పుడైనా ఇచ్చుకోవచ్చని కబురు పంపాడు. నాయన ముఖం నేను అంత వెలుగుగా ఎప్పుడూ చూడలేదు. "మావోన్ని పిల్చుకపోదాం. వాడు నెంబరు చూసి చెప్తాడు" అని మా అవ్వతో అన్నాడు. అవసరమై కాదు, శెట్టి మామకు నన్ను చూపించుకోవాలని.

మేము పోయేసరికి మామ బండిని కడిగించి అంగడి ముందర నిలబెట్టి ఉన్నాడు. అత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. నూలుకు వచ్చిన మగ్గాల వాళ్ళు ఇద్దరు, పక్కంగడి ఆయన అరుగు మీద కూర్చున్నారు. "మూడు నెలలకొకతూరి ఆయిలు మార్పిస్తి. బత్తలపల్లి ఆయన రెండుతూర్లు వచ్చి అడిగిపాయ, ఇయ్యనంటి. ఇది మావోనికి అంటి" అన్నాడు మామ. నాయన బజ్జీ నములుతూ తలూపుతున్నాడు. నేను జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాను.

"ఒక్క నిమిషం మామా, నెంబరు చూడల్ల."

"చూడు అల్లుడూ. మీ నాయన చెప్తాండె, నీకు ఆ విద్య వచ్చునంట కదా."

తుడిచాను, రుద్దాను. అక్షరం 'కే'. వేళ్ళు మడుస్తూ ఎనభై ఆరు నుంచి వచ్చాను. తొంభై ఆరు. మామ ఎంతో ముచ్చటగా అట్ట వేసి దాచుకున్న ఆర్.సి. పుస్తకం అప్పుడు తెరిచాను (ఎందుకు తెరిచానో దేవుడికే తెలియాలి). రిజిస్టరైంది తొంభై ఐదులో. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ తొంభై ఆరే. బండి తయారైంది తొంభై ఆరులో, రిజిస్టరైంది తొంభై ఐదులో. లోకంలో ఇలాంటిది జరగదు. పుస్తకం ఈ బండిది కాకపోవాలి, లేదా బండి ఈ పుస్తకానిది కాకపోవాలి. రెండింట్లో ఏదైనా పోలీసు స్టేషన్ దాకా పోయే సంగతే. నాయన్ని పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు. కానీ విద్య వచ్చినవాడు పక్కకు పోయి చెప్పడు. అరుగు మీద అందరికీ వినబడేలా చెప్పాను.

"నాయనా, ఈ బండి మనకొద్దు. ఇది తొంభై ఆరులో తయారైన బండి. పుస్తకంలో తొంభై ఐదు ఉండాది. పుట్టకముందే రిజిస్టరెట్ల అయితాది? ఇది యాడో దొంగబండి."

మగ్గాల వాళ్ళు నమలడం మానేశారు. మామకు కోపం రాలేదు. కోపం వచ్చి నా చెవి మెలిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! నిదానంగా నాయన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. షోరూములో బండి తీసుకున్న పొద్దు నువ్వు నా యెంటే ఉంటివి కదా. టెంకాయ నువ్వే కొడితివి. నిమ్మకాయలు తొక్కిచ్చి, నిన్ను వెనక కూర్చోబెట్టుకోని వస్తి."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నాయన బండి వైపు చూశాడు, నా చేతిలో కాగితం వైపు చూశాడు. "పిల్లోడు చదువుకున్నోడు కదప్పా" అన్నాడు. అంతే. ఆ మాటతో మామ ముఖం వాడిపోయింది. "సరేప్పా" అని, బండి తాళం తీసి జేబులో వేసుకుని, నూలు తూచడానికి లోపలికి పోయాడు. మేము బస్సెక్కి వచ్చేశాం. దారి పొడుగునా నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేనేమో ఆయన్ని ఒక పెద్ద మోసం నుంచి కాపాడానని, ఎప్పటికో ఒకప్పటికి మెచ్చుకుంటాడని ఎదురు చూస్తున్నాను.

ఆ ఏడే మామ రెండో కూతురి పెళ్ళి. పెద్ద కూతురి పెళ్ళికి నాయన మూడు రోజులు వాళ్ళింట్లోనే ఉండి పరుపు కుట్టాడు. రెండో దానికీ తనే కుట్టాలని పిల్ల పుట్టినప్పుడే అనుకున్న మాట. నాయన మేలైన దూది ఏకి, మూట కట్టి, అటక మీద పెట్టాడు. పిలుపు రాలేదు. బేరానికి ఎవరైనా వచ్చి ఆ మూట అడిగితే "అది వేరేవాళ్ళది" అనేవాడు. "రాని కబురుకు ఎన్నాళ్ళు దాస్తావురా?" అని అవ్వ అంటే సైకిలు తీసుకుని పోయేవాడు. మోకాలు మరీ పాడైంది. నాకు మాత్రం తప్పంతా మామదే అనిపించేది.

ఒక రోజు షెడ్డులో నా పుస్తకం స్పానర్ తాత చేతిలో పడింది. ఆయన పేజీలు తిప్పుతూ ఖాళీ పేజీ దగ్గర ఆగాడు. అదేమిటని అడిగితే సమ్మె సంగతి చెప్పాను. తాత కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఐ యాడుంటాదిరా? కొట్టినాక అది ఒకటి అంకె మాదిరి కనపడతాది. అందుకే కంపెనీవాళ్ళు ఆ అక్షరం ఇడిసిపెట్టి, హెచ్ అయినంక జే కొడతారు. ఇన్నాళ్ళూ నువ్వు దాన్ని కూడా లెక్కలో ఏస్తాండావా?"

అక్కడే టైరు మీద కూర్చుని మళ్ళీ వేళ్ళు మడిచాను. కే అంటే తొంభై ఐదు. హెచ్ దాటిన ప్రతి బండి వయసూ నేను ఒక ఏడాది ఊరికే తగ్గించాను. హిందూపురంలో సగం మంది నా మూలంగా సంతోషంగా తిరుగుతున్నారు. వాళ్ళ సంగతి సరే. ధర్మవరంలో ఒక మంచి మనిషిని నలుగురి ముందర దొంగను చేశాను. ఆ పూటే పెనుకొండ బస్సెక్కాను.

నాయన వాకిట్లో దూది ఏకుతున్నాడు. "నాయనా, మామ బండి తొంభై ఐదే. నా లెక్కే తప్పు" అన్నాను. నాయన చెయ్యి ఆపకుండానే "తెలుసు" అన్నాడు. తర్వాత లేచి, ఒంటి మీద దూది దులుపుకుని, అటక మీద మూట దింపమన్నాడు. పెళ్ళి ఇంకా పది రోజులు ఉంది.

మేము మూటతో దిగేసరికి మామ అంగడిలోనే ఉన్నాడు. లేవలేదు. "కొలతలు ఇయ్యప్పా, పరుపు కుట్టల్ల" అన్నాడు నాయన.

"నిన్నెవరు పిల్చిరి?"

"ఎవరూ పిల్వల్యా."

నేను పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ చూపించి, ఐ కథంతా చెప్పాను. మామ న్యాయం చెప్పే పెద్దమనిషిలా చివరిదాకా విని, "అయితే నా బండి తొంభై ఐదేనా?" అన్నాడు. అవునన్నాను. "అది నాకు తెలుసు అల్లుడూ. వీనికీ తెలుసు. నువ్వు లెక్క తప్పితివని నాకేం బాధ లేదు" అని నాయన వైపు తిరిగాడు. "నువ్వు యాల చెప్పకపోతివప్పా?"

నాయన మూట మీదే కూర్చున్నాడు. "మా ఇంట్లో అంతవరకు చదివినోడు వాడొక్కడే. నలుగురి ముందర వేళ్ళు మడిచి చెప్తాంటే, కాదని నేనెట్లందు? వాడు తల యాడ పెట్టుకోవల్ల? నీతో ఆమీట చెప్పుకోవచ్చులే, శెట్టి నావోడే కదా అనుకుంటి. ఇంటికి పోయినాక రావడానికి మొగం చెల్లకపాయ."

నాకు ఇరవై ఏళ్ళు అప్పుడు. నాయన నా కోసం ఏం చేశాడని ఎవరైనా అడిగితే అంతకుముందు పుస్తకాలు, ఫీజులు చెప్పేవాణ్ణి. ఆ రోజు తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. మామ లోపలికి కేక వేశాడు: "ఏమే, నడిమింటి గది ఊడ్పించు, దూది పరుస్తాడంట. మా ముగ్గురికీ బియ్యం పెట్టు." బండి ఊసు నాయన ఎత్తలేదు. మామే చెప్పాడు, ఇంక మేము రామనుకుని బత్తలపల్లి ఆయనకు ఇచ్చేశానని. "పోనీలేప్పా" అన్నాడు నాయన. పరుపు కుట్టిన మూడు రోజులూ దారం ఎక్కించి ఇవ్వడం, సూదులు వెతికి పెట్టడం నా పని. ఎవరూ నన్ను మరో మాట అనలేదు.

నాకు ఉద్యోగం వచ్చి కొత్త బండి కొనేసరికి రెండు వేలు దాటి మూడేళ్ళైంది. అప్పటిదాకా నాయన ఆ మోకాలితోనే సైకిలు తొక్కాడు. బండి తెచ్చిన రోజు ఆయన చుట్టూ తిరిగి చూసి, మెడ దగ్గర వంగి, "చూసినావా నెంబరు?" అని అడిగాడు. లేదన్నాను. నిజంగానే చూడలేదు. (ఇప్పటికీ చూడలేదు. బండి ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆర్.సి.లో ఆ వరుస వచ్చినప్పుడు కన్ను దాటేస్తాను.) "అట్లైతే ధర్మవరానికి పోనీ" అని వెనక ఎక్కి కూర్చున్నాడు.

మామ అంగడి ముందర ఆపాను. ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ బయటికి వచ్చి, బండిని తల నుంచి తోక దాకా చూసి, చాలా గంభీరంగా అడిగాడు.

"ఏ మోడలప్పా ఇది?"

"మావోనికి తెల్దంట" అన్నాడు నాయన. అంత గర్వంగా ఆయన నా గురించి ఎప్పుడూ చెప్పలేదు.