మావయ్య తాగి పడిపోలేదు

"మీ మావ ఏసేసి మా అరుగు మీద పడున్నాడు. ఎవులినైనా పంపి తీసుకెల్లిపోండి."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి ఒకావిడ నాకు చేసిన ఫోన్ ఇది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి మావయ్య నోరు ఒక పక్కకు జారిపోయి ఉంది. కుడి చెయ్యి లేవడం లేదు. నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. ఎప్పుడు మొదలైందని అడిగారు. నాకేం తెలుసు? ఆ వీధికి తెలుసు. పొద్దున్నుంచీ అందరూ చూస్తూనే ఉన్నారు. "ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నాడు డాక్టరు. మంగళవారం తెల్లవారుతుండగా మావయ్య పోయాడు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామందే ఉంటారు. మీ చెవిన ఏం పడిందో కూడా నాకు తెలుసు. "మనిసి మంచోడే, మందే కొంప ముంచింది" అని. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం ఉండకూడదంటారు. నాకుంది. అణుచుకుని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. ఆ రాసిందంతా అబద్ధంలా కనిపించి చింపేశాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో కుదురుకున్న కుటుంబాల్లో మాదొకటి. మావయ్య ఫిట్టర్‌గా చేరి, ఫిట్టర్‌గానే రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లోనే కాపురం. తరవాత సుభాష్‌పల్లిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇల్లు మారినా కాళ్ళు మారలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని పాత వీధికే నడిచొచ్చేవాడు. పేరుకు చేపల కోసం, అసలుకు కబుర్ల కోసం. ఆయనకూ అత్తకూ పిల్లలు లేరు. నన్ను మాత్రం, పెళ్ళై ఇంత వయసొచ్చాక కూడా, "గుంటా" అనే పిలిచేవాడు.

మా తాత, అంటే మావయ్య నాన్న, సారాకు పోయిన మనిషి. అందుకని మావయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క చుక్క ముట్టలేదు. రిటైరయ్యాక సుభాష్‌పల్లిలో పక్కింటి బెంగాలీ దాదా, బ్యాంకు మేనేజరుగా చేసి దిగినాయన, ఒక సాయంత్రం పిలిచి మంచి విస్కీ కాస్త గ్లాసులో పోసి ఇచ్చాడట. మావయ్య దాన్ని నోట్లో పెట్టుకుని ఎంతకీ మింగడట. చివరికి మింగి, "దాదా, వానకి తడిసిన పాత స్లీపర్ల వోసనొస్తంది" అన్నాడట. వెనకటి రోజుల్లో పట్టాల కింద తారు పట్టించిన కొయ్య దుంగలు వేసేవారు, వాటి వాసన. అది నిజంగానే పొగ వాసన పట్టించిన విస్కీ కావడంతో దాదా పొంగిపోయి, ఖరగ్‌పూర్‌లో గొప్ప రుచి తెలిసినవాడు దొరికాడనుకున్నాడు. పాపం, మావయ్య సరిగ్గా చెప్పింది ఆ ఒక్కటే. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేకపోయాడు.

వాళ్ళతో పాటు మూడో మనిషి మన తెలుగాయనే. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం సాయంత్రం ముగ్గురూ మావయ్య ఇంట్లో కూర్చునేవారు. దాదా ఫోన్ తీసి, ఫలానా సీసా ఇక్కడెంత, ఒడిశా బోర్డర్ దాటితే ఎంత, విశాఖలో ఎంత, ఎయిర్‌పోర్టులో ఎంత అని చదివేవాడు. సూపర్‌వైజరు తన ఫోన్‌లోంచి ఇంకో ధర తీసేవాడు. కూరగాయల బజారులో ఆడవాళ్ళు కూడా అంత బేరమాడరు. మావయ్య కొంతసేపు ఓపిక పట్టి గ్లాసు ముట్టుకునేవాడు. అంతే, ధరల మాట ఆగిపోవాలి. "నోట్లో పోసినాక కూడా దరే మాటాడితే మనం తాగేది డబ్బులు, విస్కీ కాదు" అనేవాడు.

కొలతకు పెగ్గు గ్లాసు కూడా కొనలేదాయన. దగ్గు మందు సీసా మూత ఒకటి ఉండేది, దాంతో కొలిచి పోసేవాడు. మనిషికి రెండు చిన్న పెగ్గులు. బండి మీద వచ్చినవాడికి ఒక్కటే. గొంతు పెంచినవాడి గ్లాసు తీసేసి టీ పెట్టించేవాడు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపిన మరమరాలు. బెంగాల్‌లో ఉంటూ ముడి, అంటే ఆ మరమరాలు, తినకపోతే పాపమని ఆయన నమ్మకం.

ఎప్పుడైనా పందెం పెట్టేవారు. సీసాలు కనబడకుండా నేను వంటింట్లో పోసి పట్టుకొచ్చేదాన్ని. ఏ గ్లాసులో ఏదుందో వాళ్ళు చెప్పాలి. ఒకసారి మావయ్య కళ్ళు మూసుకుని, తల ఊపి, "ఇది పెద్దింటిది. పీపాలో ఏళ్ళ తరబడి తపస్సు సేసినాది" అన్నాడు. అది సందు చివర షాపులో దొరికే అన్నిటికంటే చవక సరుకు. దాదా పొట్ట పట్టుకుని నవ్వాడు. మావయ్య అంతకంటే ఎక్కువ నవ్వాడు. "నా నాలిక్కి సదువు రానేదు గుంటా, నాకు రానట్టే" అన్నాడు. తెలియకపోవడంలో అంత ఆనందం పొందిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ముగ్గురూ కలిసి ఒకసారి గోవాలో డిస్టిలరీ చూడ్డానికి కూడా వెళ్ళారు. తిరిగొచ్చి దాదా రుచుల గురించి, సూపర్‌వైజరు అక్కడి షాపు ధరల గురించి చెప్పారు. మావయ్య మాత్రం పీపాలకు ఇనుప పట్టీలు బిగించే మనిషి పక్కన కూర్చుండిపోయాడట. ఆయన సుత్తి అడిగి తీసుకుని ఒక పట్టీ తనూ బిగించాడట. రుచి చూపించే గదిలోకి పిలిస్తే, "మీరెల్లండి, నానిక్కడ పనిలో ఉన్నాను" అన్నాడట. పీపాలో ఉన్నదాంట్లో ఏటా కొంత గాల్లో కలిసిపోతుందని, దాన్ని దేవతల వాటా అంటారని గైడు చెప్పినప్పుడు మాత్రం మావయ్యకు ఒళ్ళు మండిందట. "పని మనది, వాటా ఆలదీనా?" అన్నాడట. ఒక్క సీసా కొనలేదు. రైల్లో మందు తీసుకెళ్ళకూడదని రూలు. రైల్వేలో అన్నం తిన్నవాణ్ణి, నేనే దాటితే ఎలా అన్నాడట. సూపర్‌వైజరు బట్టల మధ్య చుట్టి రెండు తెచ్చుకున్నాడు.

ఆ తేడా గుర్తుపెట్టుకోండి. మావయ్యకు దాచడం చేతకాదు. తాగాక ఏలక్కాయ నమిలేవాడు కాదు. ఖాళీ సీసాలు పేపర్లో చుట్టకుండా గుమ్మం పక్కనే పెట్టేవాడు, పాత సామాన్లవాడు వచ్చి తీసుకెళ్ళేవాడు. ఎవరైనా అడిగితే నిన్న ఏం తాగాడో, ఎంత తాగాడో చెప్పేవాడు. దానికి మనవాళ్ళు ఆయనకిచ్చిన బిరుదు "స్కాచ్ దొర". తలుపులు మూసుకుని రోజూ తాగేవాళ్ళేమో పెద్దమనుషులు. గుడి కమిటీలో వాళ్ళు, పెళ్ళిళ్ళలో పెద్దపీట వాళ్ళకు. వారానికి రెండు చిన్న పెగ్గులు తలుపు తీసి తాగినవాడు తాగుబోతు. ఎక్కడిదండీ ఈ న్యాయం?

ఆ ఆదివారం మావయ్య అరుగు మీద కూలబడితే, వచ్చిపోయేవాళ్ళు "స్కాచ్ దొర పొద్దున్నే మొదలెట్టేసినాడు" అని నవ్వుకున్నారు. ఒకడు ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు. దాని కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి. ఆ ఫోటో నా దగ్గరుంది. వాలిపోయిన నోరు దాంట్లో స్పష్టంగా కనిపిస్తోంది. అంతమంది అంతసేపు చూసి నవ్వారు గాని, ఒక్కరూ దగ్గరకెళ్ళి "ఏటైంది?" అని అడగలేదు. దగ్గరకెళ్ళి ఒంగి ఉంటే వాసన లేదని తెలిసేది.

మూడో రోజు సూపర్‌వైజరు వచ్చి వాకిట్లో నిలబడి ఏడ్చాడు. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"నాను సూసినాను సెల్లెమ్మా" అన్నాడు. "బండి మీద ఎల్తా సూసినాను."

"చూసి?"

"సిగ్గేసింది. అందరి ముందూ దిగి లేపితే ఈడూ ఆ జతేనంటారని... మా ఇంట్లో తెల్దు కదా."

"ఆయన రెండు దాటడని నీకు తెలీదా అన్నా? పక్కన కూర్చుని తాగినోడివి."

"తెల్సు" అన్నాడు. ఆ అరుగున్న వీధి మొత్తాన్ని ఎప్పటికైనా క్షమిస్తానేమో, ఆ ఒక్క "తెల్సు"ని క్షమించలేను. వెళ్ళిపోతున్నవాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

పెద్ద దినం నాడు ఆకులో ఏం పెట్టాలన్నది ఇంకో గొడవ. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ పెట్టడం మాలో ఆనవాయితీ. చేపల పులుసు పెట్టాం. విస్కీ పెట్టొద్దని నేనే పట్టుపట్టాను. ఉన్న చెడ్డపేరు చాలదా? అత్త నావైపు ఒకసారి చూసి, లోపలికెళ్ళి, సీసా తెచ్చి, మూతతో కొలిచి ఆకు పక్కన గ్లాసులో పోసింది. "ఆయనకి ఇష్టం. ఎవులికి బయపడీసి మానీడం?" అంది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఒంట్లో మందు లేదని ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గుమ్మం గుమ్మం తిరిగాను. మా మావయ్య ఆ పొద్దున మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు, చూడండి అని చూపించాను. కొందరు తల దించుకున్నారు. కొందరు "అయ్యో, మాకేటి తెల్సు" అన్నారు. ఫోటో పెట్టినవాడు తీసేశానన్నాడు, అదేదో ఉపకారం చేసినట్టు. అత్త నా వెనకే వచ్చేది. ఒక్కరినీ ఒక్క మాట అనేది కాదు. అది నాకు ఇంకా మంటగా ఉండేది.

అలా తిరిగిన ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్తుంటే, సందు మలుపులో కుళాయి దగ్గర ఒకతను పడి ఉన్నాడు. ఎవరో తెలియదు. చొక్కా బొత్తాలు లేవు, ఒక కాలికి చెప్పు లేదు. నాలుగడుగుల దూరం నుంచే సారా కంపు. పక్కన నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు కాస్త ఎడంగా జరుపుకున్నారు.

"తాగినోడే అత్తా. పద" అన్నాను.

అత్త ఆగిపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆవిడ గొంతులో కోపం విన్నాను.

"మీ మావ తాగనేదు, తాగనేదు అనీసి ఇన్ని గుమ్మాలెక్కినావు. తాగుంటే అలగే ఒగ్గీసి పోవొచ్చనా?"

ఆవిడ అప్పటికే ముందుకు నడిచింది. అతని పక్కన చతికిలబడి, ఆసుపత్రిలో డాక్టరు మావయ్యను అడిగినట్టే అడిగింది.

"రెండు సేతులూ పైకెత్తు నాయనా."

అతను ఒక చెయ్యి ఎత్తి బూతు తిట్టాడు.

"అదీ ఎత్తు."

"నువ్వెవులివే?"

"ఎవులో ఒకరిని. ఎత్తు."

ఎత్తలేదు. మత్తులో ఎత్తలేదో, ఎత్తలేకపోయాడో మాకు తెలియలేదు. అత్త రోడ్డు మీదకెళ్ళి టోటోను, అదే బ్యాటరీ రిక్షాను, ఆపింది. "దీదీ, గాడీ గందా హోగా" అని డ్రైవరు గునిశాడు, బండి మురికవుతుందని. కడుగుతానని అత్త చెప్పింది. నేనూ, నీళ్ళ దగ్గరున్న ఒకావిడా కలిసి అతన్ని ఎత్తి కూర్చోబెట్టాం. ఆవిడ ఎవరో కాదు. ఆ రోజు నాకు ఫోన్ చేసినావిడే. నా మొహం చూడలేక వంచుకున్న తల ఎత్తకుండానే అతని కాళ్ళు పట్టుకుంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు మమ్మల్ని చూసి విసుక్కున్నాడు. తాగి పడ్డవాళ్ళందరినీ ఇక్కడికి తెస్తే ఎలా, ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టండి అన్నాడు.

"ఠీక్ హై బాబూ, తాగినాడు" అంది అత్త. "ముందు సూడండి. తిట్టీడం తరవాత."

వస్తాను కూర్చోండి అన్నాడు డాక్టరు. కూర్చున్నాం. అతను అప్పుడే గురక మొదలుపెట్టాడు. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో, అతను బెంచీ మీంచి జారిపోకుండా చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చుంది.